నేల కింది పని – మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి జీవితం

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవిత చరిత్ర వ్రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు నేను వెంటనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పాను. ఆయన గురించి తెలియని వారెవరు, కొత్తగా ఏమి వ్రాస్తారని కార్యదర్శి గారు సందేహించారు. సందేహం సబబైనదే. కృష్ణరాజసాగరం ఆనకట్ట, మైసూరు దివాను పదవి, భారతరత్న బిరుదు – ఇవన్నీ మన మనుమలు, మనుమరాండ్రు పాఠాలలో చదువుకుంటూనే ఉన్నారు. అయితే ఆ మహనీయుడు చేసిన ఒక పని గురించి పాఠ్యపుస్తకాలలో ఒక వాక్యానికి మించి ఉండదు. అది మురుగునీటి పని. పండుగ సంచికలో మురుగు మాట ఏమిటని పాఠకులు విసుక్కోవద్దని మనవి. నేను పురపాలక ఇంజనీరింగు విభాగంలో ముప్పయి నాలుగేళ్ళు గుమాస్తాగా పనిచేసి రిటైరయిన వాడిని. ఎస్టిమేట్లు, బిల్లులు, కొలతల పుస్తకాలు తప్ప వేరే విద్య తెలియదు. తెలిసిన దాని గురించి వ్రాయడమే మర్యాద అనుకుంటున్నాను.

విశ్వేశ్వరయ్య గారు పూర్వపు మైసూరు సంస్థానంలో, చిక్కబళ్ళాపురం దగ్గరి ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. ఆయన శతజయంతి 1960 సెప్టెంబరు 15న దేశమంతటా జరిగింది. ఆ తేదీనే మనం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాము. తండ్రి శ్రీనివాసశాస్త్రి గారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. వీరి పూర్వీకులది మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం గ్రామం. తరాల క్రితం కన్నడ దేశానికి తరలివెళ్ళినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచింది. ఇంట్లో తెలుగే మాట్లాడేవారు. కనుక ఆయనను మనవాడని చెప్పుకోవడంలో అతిశయం ఏమీ లేదు.

బాల్యంలోనే తండ్రి గతించారు. ఆస్తిపాస్తులు లేవు. చిక్కబళ్ళాపురంలో చదివి, బెంగళూరు చేరి, ఒక ఇంట పిల్లలకు చదువు చెప్పి ఆ ఆదాయంతో సెంట్రల్ కాలేజీలో చదువుకున్నారు. 1881లో బి.ఎ. ప్యాసయ్యారు. తరువాత మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో మొదటి స్థానంలో ఉత్తీర్ణులయ్యారు. మరుసటి ఏడాది, అంటే 1884లో, బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్‌లో ఉద్యోగంలో చేరారు.

బొంబాయి సర్వీసులో ఆయన పని ఎక్కువగా నీటితోనే. సింధు దేశంలోని సుక్కూరు పట్టణానికి మంచినీరు ఇవ్వవలసి వచ్చింది. సింధు నది నీరు ఎప్పుడూ బురదగా ఉండేది. వడపోత తొట్లు కట్టుకునే స్తోమత ఆ మునిసిపాలిటీకి లేదు. అప్పుడాయన నది గర్భంలోనే బావి త్రవ్వించి, ఇసుక పొరల గుండా దిగే నీటిని పట్టే ఏర్పాటు చేశారు. నది ఇసుకే వడపోత అయింది. పూనా సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి తమంతట తామే తెరుచుకుని మూసుకునే తలుపులు తయారు చేశారు. 1903లో అమర్చిన ఆ తలుపుల వలన ఆనకట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలవ చేయగలిగారు. తరువాత బొంబాయి రాష్ట్రానికి శానిటరీ ఇంజనీరుగా నియమితులై పట్టణాల మంచినీటి, మురుగునీటి పథకాలు చూశారు. 1906లో ప్రభుత్వం ఆయనను ఏడెన్ రేవు పట్టణానికి పంపింది. వర్షమన్నది అరుదైన ఆ ఎడారి రేవుకు మంచినీరు ఎలా తేవాలి, మురుగు ఎలా తీయాలి అన్నదానిపై అక్కడే ఉండి పరిశీలించి నివేదిక ఇచ్చారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, భూగర్భ డ్రైనేజీ అంటే ఏమిటో రెండు మాటలు చెప్పాలి. పైపు పూడ్చి మట్టి కప్పితే అయిపోయే పని కాదది. మంచినీటి పైపులో నీరు ఒత్తిడితో పోతుంది, కనుక ఎగుడు దిగుడుగా ఉన్నా ఫరవాలేదు. మురుగు పైపులో నీరు వాలును బట్టి తనంత తాను పోవాలి. వాలు తక్కువైతే మడ్డి అడుగున పేరుకుంటుంది. కనీసం సెకనుకు రెండు, రెండున్నర అడుగుల వేగం ఉంటే పైపు తనను తానే కడుక్కుంటుంది. అందుకని ఊరంతా లెవలింగు తీసి, ఏ వీధి ఎంత ఎత్తున ఉందో అంగుళాలతో సహా కాగితం మీద పెట్టనిదే ఒక్క గజం కూడా త్రవ్వకూడదు. అంటే మురుగు పనిలో మొదటి సాధనం పలుగు కాదు, కొలత పుస్తకం. ఈ మాట విశ్వేశ్వరయ్య గారి జీవితమంతటికీ వర్తిస్తుంది. ఏ ఊరు వెళ్ళినా ముందు కొలతలు, తరువాతే సలహా.

తనకన్నా సీనియర్లయిన పలువురిని దాటి పైకి వచ్చినా, బొంబాయి శాఖలో చీఫ్ ఇంజనీరు కుర్చీ భారతీయునికి దక్కే సూచన ఆయనకు కనబడలేదు. 1908లో పదవి వదలడానికి నిశ్చయించుకుని, సెలవు పెట్టి విదేశ యాత్రకు బయలుదేరారు. అప్పటికి వయస్సు నలభై ఏడు, నలభై ఎనిమిది. పింఛనుకు కావలసిన ఇరవై అయిదేళ్ళ సర్వీసు నిండకపోయినా, ఆయన సేవలను మన్నించి ప్రభుత్వం పింఛను మంజూరు చేసింది. మన పెన్షనర్ల సంచికలో ఇది చెప్పుకోదగిన ముచ్చట. ఎందుకంటే లోకం ఆయనను గుర్తుపెట్టుకున్న పనులలో పెద్దవన్నీ ఆ పింఛను మొదలైన తరువాత చేసినవే.

ఆయన ఐరోపాలో ఉండగా ఇక్కడ హైదరాబాదులో ఘోరం జరిగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగింది. పై పరీవాహక ప్రాంతంలో ఉన్న 788 చెరువులలో 221 చెరువులు తెగి, ఆ నీరంతా ఒక్కసారి నగరం మీద పడింది. సుమారు పదిహేను వేల మంది ప్రాణాలు కోల్పోయారు. పురానాపూల్ ఒక్కటి తప్ప మిగిలిన వంతెనలు కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ తోటలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూట యాభై మంది బ్రతికారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. 1909 ఏప్రిల్‌లో ఆయన బాధ్యత స్వీకరించారు. అప్పగించిన పనులు మూడు. మొదటిది నగర పునర్నిర్మాణానికి సలహా. రెండవది మళ్ళీ వరద రాకుండా పథకం. మూడవది హైదరాబాదు నగరానికి, చాదర్‌ఘాటుకు సంపూర్ణ మురుగునీటి పథకం. ఎగువన ఎంత వాన పడింది, ఏ చెరువు ఎప్పుడు తెగింది, నదిలో ఎన్ని ఘనపుటడుగుల నీరు పారింది అన్న లెక్కలు గ్రామాల నుండి తెప్పించారు. ఒక్క ఈ దేశపు లెక్కలే కాక ఇతర దేశాల వానల లెక్కలు కూడా పోల్చి చూశారు. 1909 అక్టోబరు 1న వరద నివేదిక సమర్పించారు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలన్నారు. అవే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్.

చెరువుల మాట అందరికీ తెలుసు. మూడవ పని మాట మాత్రం వినబడదు. అప్పటి నగరంలో ఇండ్ల మురుగు వీధి మోరీల వెంట, గుంటలలోకి, చివరికి మూసీలోకి చేరేది. వరద ఒక్కరోజు వేల మందిని చంపింది. మురుగు మాత్రం ఏడాది పొడుగునా కలరా రూపంలో, విషజ్వరాల రూపంలో కొందరిని, కొందరిని తీసుకుపోతూనే ఉండేది. దానికి వార్త ఉండదు. వరద నుండి కాపాడి మురుగులో వదిలేస్తే నగరాన్ని రక్షించినట్లు కాదన్నది ఆయన పథకాల ద్వారా తెలిసే సంగతి. నది ఒడ్డున తోటలు, విశాలమైన బాటలు ఉండాలన్నా, ముందు ఆ నదిలో పడే మురుగును వేరే దారి పట్టించాలి.

1909 నవంబరులో ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. 1911లో కృష్ణరాజసాగరం పని మొదలైంది. 1912లో దివాను అయ్యారు. ఆ పదవి స్వీకరించే ముందు బంధువులందరినీ పిలిచి, ఎవరూ తమ పనుల కోసం సిఫారసులకు రాకూడదని మాట తీసుకున్నారని ప్రతీతి. ఆరేళ్ళలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, భద్రావతి ఇనుప కర్మాగారం వంటి సంస్థలకు పునాదులు పడ్డాయి. ప్రభుత్వోద్యోగాలలో వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక అవకాశాలు కల్పించే విషయంలో మహారాజా వారితో అభిప్రాయభేదం వచ్చి 1918లో పదవి వదలుకున్నారు. ఈ విషయంలో ఆయన వైఖరిని నేడు మనలో చాలా మంది ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. మహనీయుల జీవితం వ్రాసేటప్పుడు ఒప్పుకోని సంగతి కూడా వ్రాయాలి గదా.

హైదరాబాదు పథకం కాగితం మీద చాలాకాలం ఉండిపోయింది. 1920లలో నిజాం ప్రభుత్వం మళ్ళీ ఆయన సలహా కోరింది. భూగర్భ డ్రైనేజీ పనులు సాగి, 1931 నాటికి 54 చదరపు కిలోమీటర్ల నగరానికి, 4 లక్షల 68 వేల జనాభాకు సరిపోయే వ్యవస్థ ఏర్పడింది. మురుగు నది దిగువన అంబర్‌పేట వైపు నడిచింది. పథకానికి పిలిచిన ఏడాది నుండి లెక్కవేస్తే ఇరవై రెండేళ్ళు. ఫైళ్ళతో జీవితం గడిపిన మనకు ఈ ఆలస్యం వింత కాదు. ఆ కాగితాలు అన్నేళ్ళు పారవేయకుండా భద్రపరచిన గుమాస్తాలకు కూడా నా నమస్కారం.

ఆనాటి ఇంజనీర్లు భూమిలో పాతిన పైపును ఎలా పరీక్షించేవారో చెబితే మన పిల్లలకు ఆశ్చర్యం కలుగుతుంది. రెండు మ్యాన్‌హోళ్ళ మధ్య పైపు ఎప్పుడూ తిన్నగా ఉండాలన్నది నియమం. వంపు తిరిగిన ప్రతి చోట, రెండు పైపులు కలిసిన ప్రతి చోట ఒక మ్యాన్‌హోలు కట్టాలి. ఒక మ్యాన్‌హోలులో దీపం దించుతారు. రెండవ దానిలో అద్దం దించి పైనుండి చూస్తారు. అద్దంలో పున్నమి చంద్రుడిలా నిండు వెలుగు కనబడితే పైపు తిన్నగా, శుభ్రంగా ఉన్నట్లు. అడుగు భాగం తరిగి చంద్రవంకలాగా కనబడితే ఆ మేరకు పూడిక చేరినట్లు. వెలుగే కనబడకపోతే పైపు పగిలిందో, కుంగిందో, మూసుకుపోయిందో అన్నమాట. మనిషి లోపలికి దూరనక్కరలేదు. దీపం, అద్దం, తిన్నగా వేసిన పైపు – ఈ మూడే చాలు. భూమిలో కప్పెట్టిన దానిని కూడా కంటికి కనబడేలా ఉంచాలన్న బుద్ధి అందులో ఉంది.

మైసూరు వదలిన తరువాత కూడా విశ్వేశ్వరయ్య గారు విశ్రాంతి తీసుకోలేదు. నాగపూరు, రాజకోట, భావనగర్, ఇంకా ఎన్నో పట్టణాలకు, సంస్థానాలకు నీటి సరఫరా, డ్రైనేజీ విషయాలలో సలహాలిచ్చారు. 1934లో దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానం కావాలని పుస్తకం వ్రాశారు. ఒరిస్సా వరదలపై గాంధీజీ కోరిక మీద నివేదిక ఇచ్చారు. 1951లో తమ ఉద్యోగ జీవిత జ్ఞాపకాలు ప్రచురించారు. 1952లో, తొంభై ఏళ్ళు దాటిన వయస్సులో, బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలో నిర్ణయించే పనిలో పాల్గొన్నారు. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్ళు దాటి జీవించి 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. ముద్దెనహళ్ళిలో ఆయన సమాధి ఉంది. చివరి వరకు సూటు, తలపాగా, వేళ తప్పని నడక. ఉద్యోగం చేసింది ఇరవై నాలుగేళ్ళయితే, రిటైరయి పనిచేసింది అంతకు రెట్టింపు.

ఇంతవరకు ఆయన జీవితం. ఇక ఆయన వదలి వెళ్ళిన పని గతి ఏమయిందో చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన పదేళ్ళకు, పేరు అనవసరమైన ఒక పట్టణంలో పనిచేస్తున్నాను. పాత డ్రైనేజీ లైను ఒకటి బజారు వీధిలో పొంగింది. ఆ లైను నక్షా ఎక్కడుందో ఎవరికీ తెలియదు. రికార్డు రూములో చెదలు తిన్న కట్టలు తప్ప మరేమీ దొరకలేదు. ఎక్కడ అడ్డుపడిందో తెలియక ఒక్కొక్క మ్యాన్‌హోలే తెరిపించారు. మస్టర్ రోల్ మీద రోజుకూలికి వచ్చిన ఒక పనివాడు మూడవ మ్యాన్‌హోలులో దిగి, మళ్ళీ పైకి రాలేదు. మురుగులో పుట్టే విషవాయువు మొదట కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన కూడా తెలియకుండా చేస్తుంది. వాసన పోయిందనుకున్న క్షణమే అతి ప్రమాదం. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. మా ఆఫీసులో ఎవరికీ తెలియదు కూడా.

అతని భార్యకు పరిహారం ఇచ్చే ఫైలు నా సీటుకు వచ్చింది. ఆ రోజు మస్టరులో అతని వేలిముద్ర లేదు. ప్రొద్దుటే హడావిడిగా దించారు కనుక ముద్ర వేయించలేదు. ముద్ర లేనిదే ఆ రోజు డ్యూటీలో ఉన్నట్లు రుజువు లేదని నేను నోటు వ్రాసి ఫైలు వెనక్కి పంపాను. నిబంధన ప్రకారం నేను వ్రాసినది తప్పు కాదు. ఆమె చంటిబిడ్డను చంకన వేసుకుని రెండేళ్ళు ఆఫీసు మెట్లు ఎక్కింది, దిగింది. చివరకు మంజూరైన మొత్తం చెప్పడానికి కూడా సిగ్గుపడే మొత్తం. ఆ నోటు నా చేతివ్రాతలోనే ఉంది. ఈనాడు జీవన ధ్రువీకరణ పత్రం ఇవ్వడానికి నేను ట్రెజరీ మెట్లు ఎక్కినప్పుడల్లా ఆమె గుర్తుకు వస్తుంది.

ఆలోచిస్తే అర్థమయింది ఇది. నక్షా పోయినందువల్ల అతను మూడు మ్యాన్‌హోళ్ళు దిగవలసి వచ్చింది. దీపం, అద్దం పెట్టి చూసే అలవాటు పోయినందువల్ల పైపు పూర్తిగా మూసుకుపోయే దాకా ఎవరికీ తెలియలేదు. చూపు పోయిన చోట మనిషి దేహాన్ని దించాము. మన ఎస్టిమేట్లలో పైపుకు రేటు ఉంది, సిమెంటుకు రేటు ఉంది, పూడిక తీసే గజానికి రేటు ఉంది. ఆ మనిషి ఊపిరికి పద్దు లేదు. పైగా తరతరాలుగా ఈ పనికి దిగే వారు కొన్ని కులాల వారే కావడం వల్ల మిగిలిన ఊరికి ఆ పద్దు గుర్తు రాలేదు.

చట్టం నెమ్మదిగా కదిలింది. చేతితో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం వచ్చింది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోలులో దించడం నేరమని 2013 చట్టం చెప్పింది. 1993 నుండి మురుగు పనిలో చనిపోయిన వారి కుటుంబాలకు పది లక్షల రూపాయలు ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పయి లక్షలకు పెంచింది. అయినా పత్రికలలో ఇటువంటి వార్తలు ఆగలేదు.

సాధనాలు మాత్రం చాలా ముందుకు పోయాయి. మా అబ్బాయి ఇంజనీరు కావడం వల్ల కొన్ని నాకు చూపించాడు. చక్రాల మీద నడిచే చిన్న బండికి దీపం, కెమెరా కట్టి పైపులోకి వదులుతారు. పైన కూర్చున్న మనిషి తెర మీద చూస్తూ, ఎన్ని మీటర్ల దగ్గర పగులు ఉందో, ఎక్కడ చెట్టు వేరు దూరిందో, ఎక్కడ కాంక్రీటు పైకప్పు తినేసిందో నమోదు చేస్తాడు. మురుగు వాయువు తేమతో కలిసి ఆమ్లమై పైపు పై భాగాన్ని తింటుంది కనుక, క్రింద నీరు బాగానే పారుతున్నా పైన రోడ్డు కుంగుతుంది. అది కెమెరాకే తెలుస్తుంది. నీరు నిండి ఉన్న పైపులో కెమెరాకు ఏమీ కనబడదు. అప్పుడు ధ్వని తరంగాలు పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనిని బట్టి అడుగున పూడిక ఎంతో లెక్కకడతారు. రోడ్డు త్రవ్వకుండానే పాత పైపు లోపల కొత్త పొర అతికించే పద్ధతి 1971లో లండనులో మొదలై ప్రపంచమంతా వ్యాపించింది.

మన హైదరాబాదులో ఇరుకు సందులలోకి వెళ్ళగలిగే చిన్న జెట్టింగు యంత్రాలు 70 దాకా 2017లో ప్రవేశపెట్టారు. అవి నీటిని గట్టి ఒత్తిడితో చిమ్మి పూడిక కదిలిస్తాయి. 2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోలులోకి తానే దిగి మడ్డి ఎత్తే యంత్రాన్ని వాడడం మొదలుపెట్టారు. దాని పేరు బ్యాండికూట్. ఆ ఇంగ్లీషు మాట మన తెలుగు పందికొక్కు నుండి పుట్టినదే. తెలుగువాని నోటి మాట అలా ప్రపంచం తిరిగి, మనిషి బదులు మురుగులో దిగే యంత్రానికి పేరయింది.

ఇంకొక సంగతి. 2020లో కరోనా రోజులలో హైదరాబాదు సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రవేత్తలు నగరపు మురుగునీటి నమూనాలు పరీక్షించి, ఎంతమందికి వ్యాధి సోకి ఉంటుందో అంచనా వేశారు. లక్షణాలు లేని వారి లెక్క కూడా మురుగునీరు చెప్పింది. వైద్యుడు నాడి చూసినట్లు నగరానికి మురుగు చూడవచ్చునన్నమాట. విశ్వేశ్వరయ్య గారు ఏ పైపు వ్యవస్థకు పథకం వ్రాశారో, దాని వారసత్వపు వ్యవస్థ నుండే, నూట పదకొండేళ్ళ తరువాత ఈ లెక్క తీశారు.

కాని ఒక మాట. కెమెరా తీసిన బొమ్మను ఎవరో ఒకరు చూసి, రిజిస్టరులో వ్రాసి, మరమ్మతుకు డబ్బు మంజూరు చేయాలి. లేకపోతే అదీ చెదలు తిన్న నక్షా వంటిదే. దీపం, అద్దం ఉన్న రోజులలోనూ చూసే బుద్ధి లేకపోతే ప్రయోజనం లేదు. నాలుగు లక్షల డెబ్భై వేల మందికి కట్టిన నగరం కోటి దాటింది. 2021లో 31 కొత్త మురుగుశుద్ధి కేంద్రాలకు అనుమతి ఇచ్చారు. శుద్ధి కేంద్రం చివర ఉంటుంది. అక్కడి దాకా చేర్చే పైపు మన గుమ్మం ముందే మొదలవుతుంది.

అందుచేత సోదర పెన్షనర్లకు నా విన్నపాలు మూడు. మీ వీధిలో మ్యాన్‌హోలు ఎక్కడుందో తెలుసుకుని ఉండండి. రోడ్డు వేసేటప్పుడు దానిని తారు క్రింద పూడ్చనీయకండి. ప్లాస్టిక్ సంచులు, గుడ్డలు, వంటింటి జిడ్డు మోరీలో వేయవద్దని ఇంట్లో చెప్పండి. అన్నిటికన్నా ముఖ్యం, లైను పొంగినప్పుడు తొందరపడి ఎవరో ఒకరిని అయిదు వందలిచ్చి లోపలికి దించకండి. సెప్టిక్ ట్యాంకుకూ ఇదే మాట. యంత్రం వచ్చే దాకా ఒక పూట ఆగితే మనకు పోయేది ఏమీ లేదు. మన మనుమలు ఇంజనీర్లు, మన కోడళ్ళు ఆఫీసర్లు ఉన్నారు. వారి చేతికి నక్షాలు, ఫైళ్ళు వస్తాయి. వాటి వెనుక మనిషి ఉంటాడని వారికి చెప్పవలసిన వారం మనమే.

1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వల్ల పింఛను దయాధర్మం కాదని, చేసిన సేవకు హక్కు అని మనకు నిలబడింది. అందుకే ఈ రోజు మనకు పండుగ. నేను ఏ ఫైలు వెనక్కి పంపానో ఆ ఫైలులోని మనిషికి పింఛను లేదు, సర్వీసు రిజిస్టరు లేదు, ఈ సంచికలో వేయడానికి ఫోటో కూడా లేదు. విశ్వేశ్వరయ్య గారికి నమస్కరించే ఈ పూట, ఆయన వంటి వారి పథకాలను నేల కింద నిలబెట్టిన ఆ చేతులకు కూడా నమస్కరించి సెలవు తీసుకుంటున్నాను.